పరీక్షల చెల్లుబడి



మా మద్దిలపాలెములో ఒకనాటి సాయంకాలము పొరుగింటి మిత్రుడొకరు చేతిలో టెలిఫోను పట్టుకొని మా అరుగుమీదికి వచ్చిరి. వారి మనుమరాలు అమెరికాలో పుట్టి పెరిగిన బిడ్డ. ఆమె వ్రాసిన జాబును నాకు చదివి వినిపించి, "మాస్టారూ, పాసయిన పరీక్ష పాసయినదే గదా! ఒక విశ్వవిద్యాలయము ఒప్పుకొన్నదానిని ఇంకొకటి ఒప్పుకొననని యెట్లనును?" అని అడిగిరి.

సంగతి యిది. ఆ దేశమున ఉన్నత పాఠశాలలో నుండగనే కళాశాలకు తగిన పాఠములు కొన్ని చదివి, మే నెలలో అందఱికిని ఒకటే యైన పరీక్ష వ్రాయు పద్ధతి గలదు. దానికి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని పేరు. పొడి అక్షరములలో ఏ.పి. అందురు. మన రాష్ట్రము పేరు అంత దూరము పోయినదా యని మా మిత్రుడు మొదట మురిసిపోయిరట. కాలేజి బోర్డు అను సంస్థ 1950ల నడిమి కాలము నుండి ఈ పరీక్షను నడుపుచున్నది. మార్కులు నూటికి గావు. ఒకటి మొదలు అయిదు వఱకు. అయితే ఎంత వచ్చినవానికి ఎంత చదువు మినహాయింపవలెనను తీర్పు బోర్డుది కాదు, చేర్చుకొను కళాశాలది. కొన్ని కళాశాలలు మూడు వచ్చిన చాలునందురు. కొన్ని నాలుగు, కొన్ని అయిదు కోరును. మఱికొన్ని, పిల్లవానిని పై తరగతిలో కూర్చుండనిచ్చును గాని చదివినట్లు జమకట్టవు.

ఆ బాలికకు గణితమున నాలుగు వచ్చినది. మొదటి కళాశాలవారు జమకట్టిరి. ఏడాది గడచిన పిమ్మట తండ్రికి ఊరు మాఱినందున ఆమెయు మఱొక విశ్వవిద్యాలయమునకు మాఱదలచెను. అచ్చటివారు మొదటివారు కట్టిన జమను లెక్కగొనక, బోర్డునుండి అసలు మార్కును నేరుగా తెప్పించుకొని, "మాకు అయిదు కావలయును" అనిరి.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. అయితే ఆ రాత్రి ఆలోచింపగా, ఈ ప్రశ్న మన సీమకు కొత్త గాదని తోచెను. మా వీథికి కూతవేటు దూరముననే నున్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టిననాడే ఇది మన తాతలను పలుకరించినది. ఆ చరిత్ర కొంత మీకు మనవి చేసెదను.

మన తెలుగు జిల్లాలకు మొదట పరీక్షాధికారి యొక్కడే. 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు పట్టణములందు మూడు విశ్వవిద్యాలయములు శాసనముచే ఏర్పడెను. ఇవి లండను విశ్వవిద్యాలయము వరవడిని అనుసరించినవి. అనగా పాఠము చెప్పుట వాని పని గాదు. పరీక్షించి పట్టమిచ్చుటయే పని. పాఠము చెప్పువారు రాజమహేంద్రవరమునను, బందరులోని నోబిలు కళాశాలయందును, విజయనగరము మహారాజావారి కళాశాలయందును, కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలయందును, విశాఖపట్టణమున అంకితము వెంకట నరసింగరావుగారి పేరిటి కళాశాలయందును వేఱువేఱుగా నుండిరి. ప్రశ్నపత్రము మాత్రము ఒక్కచోటనే పుట్టి అన్ని యూళ్లకును వచ్చెడిది. కావున బందరు పిల్లవాడు తండ్రి బదిలీతో విశాఖకు వచ్చినను వాని పరీక్షకు లోటు లేదు. హాజరు లెక్కయు, విడుదల పత్రమును చూపిన చాలు. మెట్రిక్యులేషను, ఎఫ్.ఏ., బి.ఏ. అను మెట్లు అన్ని యూళ్లయందును ఒకే యెత్తున నుండెను.

ఇంకొక విశేషము గలదు. ఆ బి.ఏ. పరీక్షను ఆంగ్లమనియు, రెండవ భాష యనియు, ఐచ్ఛిక విషయమనియు భాగములు చేసిరి. ఒక భాగమున గెలిచినవాడు దానిని నిలుపుకొని, ఓడిన భాగమునే మరల వ్రాయవచ్చును. మా చిన్ననాట వృద్ధులు కొందఱు పేరు ప్రక్కన 'బి.ఏ. ఫెయిల్' అని వ్రాసికొనుట చూచి మేము నవ్వెడివారము. ఇప్పుడు తలచినచో నవ్వుటకేమియు లేదు. ఎఫ్.ఏ. గెలిచి, బి.ఏ.లో సగము గెలిచినవాడు తన లెక్కను తాను నిజాయితీగా చెప్పుకొనెడివాడు. చదివినంత చదువు చదివినట్లే యనుట ఆ మాటయందలి భావము. నేటివారు క్రెడిట్లనునవి అవియే.

పరీక్షాధికారి ఒక్కడుగా నున్నంత కాలము చెల్లుబడి ప్రశ్న పుట్టలేదు. ఇద్దఱైన నాడు పుట్టెను.

ఆంధ్రోద్యమము ఫలముగా, పాత్రో గారు మదరాసు ప్రభుత్వమున విద్యామంత్రిగా నుండగా ఆంధ్ర విశ్వవిద్యాలయ శాసనము వచ్చెను. 1926 ఏప్రిలు 26వ తేదీన విశ్వవిద్యాలయము బెజవాడ కేంద్రముగా వెలసినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి ఉపాధ్యక్షులైరి. 1930లో కేంద్రము వాల్తేరునకు తరలినది. ఈ తేదీలు మన పిల్లలకు తెలిసినవే. వారికి తెలియనిది, ఆనాడు నడిమి తరగతులలో నుండినవారి సంకటము. కళాశాల కదలలేదు, ఉపాధ్యాయుడు కదలలేదు, పిల్లవాని పలకబల్ల కదలలేదు. పరీక్షాధికారి మాత్రము మాఱిపోయెను. ఇంటర్మీడియేటు మదరాసుది, బి.ఏ. ఆంధ్రది! ఆ మదరాసు ఇంటర్మీడియేటును ఆంధ్రవారు ఒప్పుకొనవలెను. ఈ ఆంధ్ర బి.ఏ.ను రేపు న్యాయశాస్త్రము చదువ మదరాసునకు పోయినచో అచ్చటివారు ఒప్పుకొనవలెను.

మా విశాఖపట్టణపు వైద్యకళాశాల సంగతి చూడుడు. అది 1923లో మదరాసు విశ్వవిద్యాలయము క్రింద ఆరంభమైనది. వైద్యవిద్య అయిదారేండ్ల చదువు. ఆ తొలి యేట చేరినవారు ఇంకను శవపరీక్షలు, మందుల గుణములు చదువుచుండగనే 1926 వచ్చెను. బి.ఏ. పట్టము ఒకచోట చెల్లకున్న గుమాస్తా పని పోవును. వైద్యపట్టము చెల్లకున్ననో రోగి నాడి పట్టుటకే హక్కు లేదు. పైగా వారికి మఱొక పరీక్షాధికారి సముద్రమునకు ఆవల నుండెను. లండనునందలి వైద్యమండలి గుర్తించిన పట్టమునకే సామ్రాజ్యమున గౌరవము. 1930లో ఆ మండలివారు భారతీయ వైద్యపట్టములను గుర్తించుట మానివేసిరి. ఆ దెబ్బకు మాఱుగా మన దేశపు వైద్యమండలిని నెలకొల్పు శాసనము 1933లో వచ్చెను. ఒకరి గుర్తింపు పోయిననే గాని మన గుర్తింపు మనము కల్పించుకొనలేదన్నమాట.

విశ్వవిద్యాలయమును చీల్చు శాసనములలో సాధారణముగా ఒక నిబంధన యుండును: ఇదివఱకు చదువు మొదలుపెట్టినవారు కొన్నియేండ్ల వఱకు పాత విధముననే చదువు ముగింపవచ్చుననియు, వారికి పరీక్ష నడుపవలెననియు. చదువరులు ఆ పంక్తిని దాటవేయుదురు. నా దృష్టిలో శాసనమంతటిలోను దయగల పంక్తి యదియే.

పొత్తు కూడ నిలుకడగా నుండలేదు. కేంద్రము వాల్తేరునకు పోవునను తరుణమున, అంత దూరము మాకు పొసగదని దత్తమండలములవారు మదరాసు విశ్వవిద్యాలయము క్రిందనే యుండగోరిరి. 1937 నవంబరులో కుదిరిన శ్రీబాగు ఒడంబడికలో వాల్తేరుతోపాటు అనంతపురమున కూడ విద్యాకేంద్ర ముండవలెనని వ్రాసికొనిరనిన, ఈ పరీక్షాధికారి యెవరను సంగతి రాజకీయమున ఎంత లోతునకు పోయెనో గ్రహింపవచ్చును. 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఏర్పడినపిమ్మట రాయలసీమకు సొంత పరీక్షాధికారి దొరకెను. అటు ఉత్తరమున, 1936లో ఒరిస్సా వేఱు రాష్ట్రమైనను, బరంపురము, పర్లాకిమిడి కళాశాలలు 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయము పుట్టువఱకు మన ఆంధ్ర పరీక్షలనే వ్రాయించినవి. రాష్ట్రము ఒకరిది, పరీక్ష ఒకరిది! 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమును, 2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమును, 2008లో శ్రీకాకుళమున అంబేద్కరు విశ్వవిద్యాలయమును ఏర్పడినపుడెల్ల ఇట్లే గట్లు వేసిరి. పొలము పంచుకొన్నప్పుడు నడిమి గట్టుమీది చెట్టు ఎవరిదను తగవు మనకు తెలియనిది గాదు. గట్టుమీది చెట్లు ఈ నడిమి తరగతుల పిల్లలే.

ఇక నైజాము వైపు చూతము. అచ్చటి కథ మఱింత చిత్రము. హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది, బోధన ఉర్దూలో. అదే నగరమున 1887 నుండి యున్న నిజాం కళాశాల మాత్రము మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై, 1947 వఱకు ఆంగ్లమున మదరాసు పరీక్షలకే పంపుచుండెను. ఒక్క నగరమున రెండు కళాశాలలు, రెండు భాషలు, రెండు పట్టములు. ఆ సీమలోనే రెండు నాణెములు కూడ నడిచినవని పెద్దలకు జ్ఞాపకముండును. నిజాముగారి హాలీ సిక్కా యొకటి, ఇంగ్లీషువారి కల్దారు ఒకటి. ఏడు హాలీ రూపాయలకు ఆఱు కల్దార్లని లెక్క. రూపాయికి వట్టము కట్టు షరాబు అంగడిలో దొరకును. పట్టమునకు వట్టము కట్టువాడెవడు?

1938 చివరి మాసములలో ఈ ప్రశ్న అకస్మాత్తుగా వందలకొలది ఇండ్ల ముంగిట నిలిచెను. ఉస్మానియా వసతిగృహములలో వందేమాతర గీతము పాడరాదని అధికారులు నిషేధించిరి. విద్యార్థులు వినలేదు, సమ్మె చేసిరి, బహిష్కృతులైరి. అది హైదరాబాదుతో ఆగక జిల్లాల కళాశాలలకును ప్రాకెను. వెళ్లగొట్టబడిన పిల్లల తల్లిదండ్రుల స్థితి ఊహింపుడు. ఉర్దూలో చదివిన చదువు. చేత విడుదల పత్రము లేదు. సత్ప్రవర్తన పత్రము వెళ్లగొట్టినవారే వ్రాసి యిత్తురా? ఏ కళాశాల గడప త్రొక్కినను మొదట అడుగునది ఆ రెండు కాగితములనే. అట్టి వేళ నాగపురము విశ్వవిద్యాలయమువారు తలుపు తెఱచిరి. ఆ పిల్లలు అంతవఱకు చదివినది చదివినట్లే యని ఒప్పుకొని చేర్చుకొనిరి. తరువాతి కాలమున 1991లో ప్రధానమంత్రి యైన పాములపర్తి వేంకట నరసింహారావుగారు అట్లు నాగపురము విశ్వవిద్యాలయమునకు మాఱినవారిలో ఒకరు.

ఇచ్చట ఒక్క నిమిషము ఆగుదును. నాగపురమువారు ఉస్మానియా పాఠ్యక్రమమును తమదానితో పంక్తికి పంక్తి సరిపోల్చియే చేర్చుకొనిరా యనిన, అట్టి తీఱిక ఆనాడు ఎవరికిని లేదని నా తలంపు. చేర్చుకొనదలచినవాడు సమానత్వమును చూచును. చేర్చుకొనదలపనివాడు భేదమును చూచును. ఒకే కాగితమున రెండును కనబడును.

ఇదంతయు ఎవరి దయమీదనో నడువరాదనియే పూర్వులు ఒక యేర్పాటు చేసిరి. 1924లో సిమ్లాలో విశ్వవిద్యాలయముల సభ జరిగి, దాని ఫలముగా 1925లో అంతర్విశ్వవిద్యాలయ మండలి ఏర్పడెను. ఒకరి పట్టమును మఱొకరు గుర్తించునట్లు చూచుట దాని ముఖ్యమైన పనులలో ఒకటి. 1973లో అది భారత విశ్వవిద్యాలయ సంఘమను పేరు వహించినది. ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టుటకు ఏడాది ముందే ఈ మండలి పుట్టుట మనకు మేలైనది. పూర్తి పట్టముల విషయమున ఈ యేర్పాటు చాలవఱకు పని చేసినది. చిక్కంతయు సగము చదువుతోనే.

సగము చదువు చిక్కు నాకు అనుభవమున తెలిసినది గనుక చెప్పుచున్నాను. నేను ప్రాచ్య కళాశాలలో భాషాప్రవీణ చదివినవాడను. ప్రిలిమినరీ పరీక్ష ఒక విశ్వవిద్యాలయమున గెలిచితిని. ఇంటి పరిస్థితులవలన మేనమామగారి యూరికి చేరవలసివచ్చి, ఫైనలు చదువునకు మఱొక విశ్వవిద్యాలయము పరిధిలోని కళాశాలకు పోతిని. ఆ రెంటి పేర్లతో మనకు పనిలేదు. మొదటిచోట చిన్నయసూరి బాలవ్యాకరణము ప్రిలిమినరీలో నుండెను, ఛందస్సు ఫైనలులో. రెండవచోట ఛందస్సు ప్రిలిమినరీలోను, బాలవ్యాకరణము ఫైనలులోను. వారు నా ప్రిలిమినరీని తమదానితో సమానమని మర్యాదగానే ఒప్పుకొనిరి. ఒప్పుకొనుటవలననే వచ్చినది చిక్కు! చదివిన బాలవ్యాకరణము చదువనట్లు లెక్క; చదువని ఛందస్సు చదివినట్లు లెక్క. సంజ్ఞాపరిచ్ఛేదము మొదలు క్రియాపరిచ్ఛేదము వఱకు సూత్రములు నోటికి వచ్చినవానిని మరల మొదటినుండి కూర్చుండబెట్టిరి. యగణ రగణములు సరిగా గుర్తింపలేనివాడను ఛందస్సులో ఉత్తీర్ణుడనైతిని.

అంతటితో పోయినను బాగుండును. ఆ సమానతా పత్రము వచ్చుటకు ఎనిమిది నెలలు పట్టెను. ఈలోపల పరీక్ష రుసుము కట్టు గడువు దాటిపోయినది. ఒక యేడు పోయెను. ఆ యేటి భోజనపు వ్యయమునకై మా తండ్రిగారు పాడిగేదెను అమ్మిరి. ఆయన ఆ మాట నాతో అనలేదు. సెలవులకు ఇంటికి పోయి కొట్టము చూచి తెలిసికొంటిని. ఉద్యోగమున చేరిన పిమ్మట ఆ యొక్క యేడు కారణముగా నా సహాధ్యాయులకంటె వెనుకబడి, పదవీవిరమణ వఱకు ఆ వెనుకబాటులోనే నడచితిని. ఛందస్సు సంగతి యందురా? పాఠశాలలో చేరిన తొలి సంవత్సరమే పదవ తరగతికి పద్యపాఠము చెప్పవలసివచ్చెను. అచ్చటి పెద్ద పండితులు గారి యింటికి రాత్రులు పోయి గణవిభజన నేర్చికొంటిని. "నీవు ప్రవీణవు గదయ్యా!" అని వారు నవ్వెడివారు.

ఈ బాధ తీర్చుటకే నేటి క్రొత్త పద్ధతి వచ్చినది. మా మద్దిలపాలెములోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు వాసిరెడ్డి శ్రీకృష్ణగారి పేరు పెట్టిరి. ఆయన 1949 తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండి, 1961లో కొద్దికాలము విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమునకు అధ్యక్షులైరి. ఆ సంఘమే 2021 జూలైలో క్రెడిట్ల బ్యాంకి యను దానికి నిబంధనలు చేసినది. క్రెడిటనగా చదువునకు కొలమానము. ఒక అర్ధసంవత్సరము పాటు వారమునకు ఒక గంట చొప్పున నడచిన పాఠమునకు, పరీక్షలో నెగ్గినయెడల, ఒక క్రెడిటని స్థూలముగా అనుకొనవచ్చును. విద్యార్థి పేర ఖాతా యుండును. ఏ విశ్వవిద్యాలయమున నెగ్గినను ఆ క్రెడిట్లు ఖాతాలో పడును. ఏడేండ్ల వఱకు నిలువయుండును. వాని నన్నింటిని కూడగట్టి పట్టము పొందవచ్చును. అయితే పట్టమిచ్చు సంస్థలో కనీసము సగము క్రెడిట్లు సంపాదించి తీరవలెను.

ఇది మంచి యేర్పాటు. నా వంటివాడు పత్రముకొఱకు ఎనిమిది నెలలు కాచుకొననక్కఱలేదు. కాని బ్యాంకి యనుమాట విని మోసపోరాదు. బ్యాంకిలోని రూపాయి బియ్యమునకును చెల్లును, బట్టకును చెల్లును. తెలుగులో సంపాదించిన క్రెడిటు గణితమునకు చెల్లదు. గణితపు క్రెడిటు సైతము, పుచ్చుకొనువారు తమ పాఠములతో పోల్చి చూచుకొని ఇది దేనికి మాఱుగా నిలుచునో నిర్ణయించిన గాని నిలువదు. ఖాతా చదువును దాచును. చదువును కొలుచు కన్ను మాత్రము ఇప్పటికిని పుచ్చుకొనువారిదే. తమ పట్టముమీద తమ ముద్ర వేయువారు ఆ హక్కును వదలుకొనరు. ఆ బాలికను అయిదు కావలయునన్నవారిని నేను తప్పుపట్టలేకున్నాను. తప్పు ఎచ్చట నున్నదనగా, ఆ మాట ఆమెకు మాఱకముందు తెలియకపోవుటయందు.

మఱునాడు మా మిత్రునితో ఇంతయు చెప్పితిని. ఆయన ఓపికగా విని, "అదంతా సరే మాస్టారూ, ఇప్పుడు పిల్ల ఏం చెయ్యాలి?" అనిరి. పల్లెలలో మనుమలను చదివించుకొనుచున్న మీకును అదియే కావలెను గనుక ఆయనకు చెప్పినదే చెప్పెదను. మార్కుల కాగితము ఒక్కటియే చాలదు. ఏ యేడు ఏ పరీక్షకు ఏ పాఠములు చదివిరో తెలుపు పాఠ్యక్రమపు పుస్తకమును, ఆ యేటిదే, దాచియుంచవలెను. మాఱదలచిన చోటివారికి అది ముందుగా చూపి, ఏది చెల్లునో ఏది చెల్లదో వారిచేత వ్రాయించుకొన్న పిమ్మటనే పాతచోట విడుదల పత్రము, వలస పత్రము తీసికొనవలెను. నోటిమాట పనికిరాదు. రుసుము గడువు ఎప్పుడో మొదటనే అడిగి గోడమీద వ్రాసికొనవలెను.

ఆ బాలిక తన పాఠశాలనాటి గణితపు పాఠ్యక్రమమును, నోటుపుస్తకములను క్రొత్త విశ్వవిద్యాలయపు గణితశాఖవారికి చూపినదట. వారు జమకట్టలేదు గాని, తమ పరీక్ష యొకటి పెట్టి, నెగ్గినచో పై తరగతిలో కూర్చుండవచ్చుననిరట. వచ్చే నెలలో ఆ పరీక్ష.